తాళం చూసి మురిసినవాళ్ళు

పోయినవారం పెద్దదాన్ని కాలేజీ గేటు దగ్గర, నోరు తెరుచుకుని నిలబడ్డ మనిషిని నిలబడ్డట్టే వదిలేసి వచ్చాం. ఆ నోరు ఇంకా మూతపడలేదు. మధ్యలో వచ్చి చేరిన పాఠకుల కోసం నాలుగు ముక్కలు చెప్పి ముందుకి పోదాం. పెద్దది ఈ కాలేజీలో రెండో ఏడు చదువుతోంది. స్కూలు చదువు ఆఖరికొచ్చి, ఏ కాలేజీలో చేరాలా అని తల పట్టుకున్న పిల్లలు అమ్మానాన్నలతో వస్తే, వాళ్ళని వెంటబెట్టుకుని కాలేజీ అంతా తిప్పి చూపించే గైడు పని కూడా చేస్తోంది. కిందటి పరీక్షల ముందు పాత హాస్టల్లో పొగ కమ్మిన సాయంత్రం ఏం జరిగిందో ఆమెకి తెలుసు. ఇంట్లో వాళ్ళకి మాత్రం చెప్పలేదు. అలాంటిది, ఇవాళ గేటు లోపలికొచ్చిన గుంపులో అమ్మా, చిన్నదీ ఉన్నారు.

"ముందు ఫోన్ చేసి రావచ్చుగా?" అంది పెద్దది ఎట్టకేలకు.

"చేస్తే రావద్దంటావుగా" అంది చిన్నది. నవ్వుతూనే అంది కానీ ఆ నవ్వు కళ్ళదాకా రాలేదు.

"దీనికి మార్కులు బాగా వచ్చేట్టున్నాయే" అంది అమ్మ. "నువ్వున్న చోటే వేసేస్తే నాకు బెంగ ఉండదు. ఒకళ్ళకొకళ్ళు తోడుంటారు. ఇంతకీ ఏంటే అలా చిక్కిపోయావు?"

ఈ కాలేజీలో ఎవరు చేరినా, చేరకపోయినా ఇన్నాళ్ళూ ఆమె పళ్ళ బిగువున వల్లించుకుపోయింది. చిన్నది చేరుతుందన్న ఊహ మాత్రం ఆమెకి ఎప్పుడూ రాలేదు. అమ్మ మాట వింటుంటే కాళ్ళ కింద నేల కదిలినట్టు భయమేసింది. ఏదో ఒకటి అనేద్దామనుకునేలోపే గుంపు వెనకనుంచి చప్పట్లు వినిపించాయి.

"అందరూ వచ్చారా? మొదలుపెడదామా మరి?"

కోటు మేడమ్. అడ్మిషన్ల వ్యవహారమంతా ఆమె చేతిలోదే. ఎండాకాలంలో కూడా కోటు విప్పదు కాబట్టి పిల్లలు ఆ పేరు పెట్టుకున్నారు. స్కూలు యూనిఫామ్‌లు కుట్టే అమ్మకి ఎవరిని చూసినా ముందు కుట్టు కనిపిస్తుంది. "లోపల లైనింగ్ చూడవే, ఎక్కడా ముడతలేదు" అని చిన్నదాని చెవిలో అంది. మనిషి మీద నమ్మకం కుదరడానికి అమ్మకి అంతకన్నా పెద్ద సాక్ష్యం అక్కర్లేదు.

ఈ కాలేజీలో గైడ్లు వెనక్కి నడవాలి. అది కోటు మేడమ్ పెట్టిన పద్ధతి. ముందుకి నడిస్తే వచ్చినవాళ్ళకి మీ వీపు కనిపిస్తుంది, వీపుని చూసి ఎవరూ పిల్లల్ని చేర్చరు అంటుంది. అందుకని ముఖం ఇటు, నడక అటు. మొదట్లో పెద్దది రెండుసార్లు పూలకుండీల మీద పడింది. ఇప్పుడు ఎక్కడ మెట్టు వస్తుందో, ఎక్కడ మలుపు తిరగాలో పాదాలకే తెలుసు. నోటికి కూడా అంతే, ఏ గది ముందు ఏ మాట రావాలో అది దానంతట వచ్చేస్తుంది. ఈ పద్ధతిలో ఇంకో సుఖం కూడా ఉంది మేడమ్‌కి. ఆమె ఎప్పుడూ గుంపు చివరన నడుస్తుంది. గైడు ఎటు నడిచినా, ఏం మాట్లాడినా, ఆమె కళ్ళలోకి చూస్తూ మాట్లాడాల్సిందే.

లైబ్రరీ అయింది, లేబరేటరీలు అయ్యాయి. చిన్నది ఊరుకోలేదు. వాళ్ళ క్లాస్ టీచర్ నూరిపోసి పంపినట్టుంది. లేబరేటరీలో మైక్రోస్కోపు మీద వేలు పెట్టి రాసి, దుమ్ము ఉందా లేదా అని చూసుకుంది. దారిలో ఎదురైన పిల్లల్ని ఆపి, "మీ సార్లు పాఠం అర్థం కాకపోతే మళ్ళీ చెబుతారా?" అని అడిగింది. లైబ్రరీలో నిలబడి, "ఈ కుర్చీల్లో నిజంగా ఎవరైనా కూర్చుంటారా, మా కోసం వేశారా?" అంది. గుంపులో కొందరు నవ్వారు. గళ్ళ చొక్కా వేసుకున్న ఒకాయన తన కూతురి భుజం మీద చెయ్యి వేసి, "చూడు, అలా అడిగి తెలుసుకోవాలి" అన్నాడు. ఆ కూతురు నేల చూపులు చూసింది.

గళ్ళ చొక్కా ఆయన కాస్త ముందుకొచ్చి పెద్దదాన్ని నెమ్మదిగా అడిగాడు. "అమ్మా, వాళ్ళు చెప్పేది పక్కన పెట్టు. నువ్వు చదువుకుంటున్న పిల్లవి. మా అమ్మాయిని ఇక్కడ చేర్చమంటావా?"

ఈ ప్రశ్న వారం వారం ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు. జవాబు కూడా కంఠతా వచ్చు. "ఇక్కడ మేమంతా ఒక కుటుంబంలా ఉంటామండీ" అనాలి. అంది. అంటూ చూసింది, గుంపు చివర కోటు మేడమ్ తృప్తిగా తల ఊపుతోంది. మధ్యలో చిన్నది మాత్రం కనుబొమ్మలు ముడిచి అక్కనే చూస్తోంది. కుటుంబం అనే మాట అక్క నోట ఆ గొంతుతో వినడం దానికి కొత్త.

హాస్టల్ వైపు తిరిగేటప్పుడు కోటు మేడమ్ గబగబా ముందుకొచ్చింది.

"కొత్త బ్లాకులో పైపు పగిలి నీళ్ళు నిలిచాయట. ఇవాళ్టికి పాత బ్లాకు చూపించు."

"పాత బ్లాకా మేడమ్?"

"పై అంతస్తుకి రంగులేయించాం కదా, చక్కగా ఉంది. అదే చూపించు." మేడమ్ గొంతు తగ్గించింది. "ఏం, ఇబ్బందా?"

"లేదు మేడమ్."

ఇబ్బందే. ఆ సాయంత్రం తర్వాత పెద్దది ఆ భవనంలో కాలు పెట్టలేదు. క్లాసుకి వెళ్ళాలన్నా దాని పక్కనుంచి వెళ్ళకుండా చుట్టు తిరిగి వెళుతుంది. ఇప్పుడు అమ్మని, చిన్నదాన్ని వెంటబెట్టుకుని, నవ్వుతూ, వెనక్కి నడుస్తూ ఆ మెట్లెక్కాలి. భయం అమ్మకి కనిపిస్తుందేమోనని గట్టిగా మాట్లాడటం మొదలుపెట్టింది.

పై అంతస్తు నిజంగానే గుర్తుపట్టలేనట్టుంది. గోడలకి మీగడ రంగు, తలుపులకి కొత్త గడియలు, కారిడార్ పొడుగునా తళతళలాడే నేల. కొత్త రంగు వాసన గుప్పుమంటోంది. దాని కింద ఇంకా పొగ వాసన ఉన్నట్టు పెద్దదానికి అనిపిస్తోంది. ఎంత కాదనుకున్నా అనిపిస్తూనే ఉంది. నోరు మాత్రం తన పని తాను చేసుకుపోతోంది. గదికి ముగ్గురు, ఒక్కొక్కరికీ ఒక అలమర, చదువుకోవడానికి బల్ల.

"మా హాస్టల్లో ప్రతి అంతస్తుకీ రెండు దారులున్నాయి" అంది. కారిడార్ చివరికొచ్చాక అనాల్సిన మాట అది. పొగ కమ్మిన సాయంత్రం తర్వాత కోటు మేడమ్ కొత్తగా చేర్పించిన మాట. "ఏ వేళప్పుడైనా సరే, ఏదైనా అవసరం వస్తే, ఇదిగో, ఇలా తోస్తే చాలు..."

కొత్త బ్లాకులో ఈ మాట దగ్గరికొచ్చేసరికి వీపుతో తలుపుని ఒక్క తోపు తోస్తుంది. తలుపు హాయిగా తెరుచుకుంటుంది, బయటి మెట్ల మీదనుంచి చల్లగాలి వస్తుంది, అందరూ "ఆహా" అంటారు. అలవాటు ఎంత పాడుదో చూడండి. ఉన్నది ఏ బ్లాకో ఆమె బుర్రకి తెలుసు, వీపుకి తెలియదు. తోసింది.

తలుపు కదల్లేదు. వీపు ధబ్బున తగిలి, ఇనుప చప్పుడు కారిడార్ అంతా మోగింది.

పెద్దది వెనక్కి తిరిగింది. గైడుగా మొదటిసారి ఆమె వీపు వాళ్ళకి కనిపించింది. తలుపు పిడికి గొలుసు చుట్టి ఉంది, గొలుసుకి తాళం ఉంది. గోడలకి రంగేసినవాడు దాన్ని విప్పే శ్రమ ఎందుకనుకున్నాడో ఏమో, గొలుసు మీదే మీగడ రంగు పూసేశాడు. అదే గొలుసు. తలుపుకున్న అద్దంలోంచి అవతల మెట్లు ఎండలో శుభ్రంగా కనిపిస్తున్నాయి. ఆ రోజు కూడా కనిపించాయి. అంత దగ్గరగా కనిపించడమే ఆ రోజు అన్నిటికన్నా ఘోరం.

ఆమె తప్ప గుంపులో అందరూ ముందునుంచీ ఆ గొలుసునే చూస్తున్నారు. ఇలా తోస్తే చాలు అని ఆమె అంటున్నంతసేపూ చూస్తూనే ఉన్నారు. ఇక దాచేదేముంది, కళ్ళెదురుగానే ఉంది, ఇప్పుడు అడుగుతారు, అడగాలి, ఎవరో ఒకరు అడగండి అని పెద్దది లోలోపల వేడుకుంది. తన నోటితో చెప్పే ధైర్యం లేదు. అడిగితే మాత్రం అబద్ధమాడకూడదని ఆ క్షణంలో ఒట్టు పెట్టుకుంది.

గళ్ళ చొక్కా ఆయన ముందుకొచ్చి తాళాన్ని పట్టుకుని ఊపి చూశాడు. ఆయన ముఖం విప్పారింది.

"ఇదండీ కావాల్సింది!" అన్నాడు. "రెండు కాలేజీలు చూసొచ్చాం. ఎక్కడ చూసినా అన్ని తలుపులూ బార్లా తెరిచే ఉన్నాయి. అదేమంటే స్వేచ్ఛట. ఇక్కడ ఆడపిల్లల్ని పెట్టి మేం నిశ్చింతగా నిద్రపోవచ్చు."

"అవునండీ" అంది ఇంకో తల్లి. "తాళం లేని హాస్టల్ హాస్టలేనా?"

కోటు మేడమ్ అందిపుచ్చుకుంది. "మీరే అన్నారు కాబట్టి చెబుతున్నాను. మా అమ్మాయి కంగారులో కొత్త బ్లాకు మాటలు చెప్పేసింది. సాయంత్రం అటెండెన్స్ అయ్యాక ఈ బ్లాకులోంచి ఒక్క పిల్ల బయటికి వెళ్ళదు, బయటివాడెవడూ లోపలికి రాడు. అది మా పూచీ."

పెద్దది అమ్మ వైపు చూసింది. అమ్మ కూడా ఆ తాళాన్నే చూస్తోంది. అమ్మ ముఖంలో కొండంత భారం దిగినట్టుంది. రెండేళ్ళుగా పెద్దదాన్ని దూరాన పెట్టి, రోజూ సాయంత్రం గుండె చిక్కబట్టుకుని కూర్చున్న మనిషికి, ఇన్నాళ్ళకి కంటికి కనిపించే ధైర్యం దొరికింది. ఆ ధైర్యం ఏమిటంటే ఆ గొలుసు. పెద్దదానికి ఏడుపొచ్చింది.

"మరి రెండో దారి ఏది?" అంది చిన్నది.

"ఏంటమ్మా?" అంది కోటు మేడమ్.

"ప్రతి అంతస్తుకీ రెండు దారులన్నారుగా. ఒకటి మనం ఎక్కొచ్చిన మెట్లు. ఇంకోటి ఏది?"

"ఇదేనమ్మా. తాళంచెవి వార్డెన్ దగ్గర ఉంటుంది. అవసరమైతే ఒక్క క్షణంలో తీసేస్తారు."

ఆ క్షణం ఎంత పొడుగుంటుందో ఆ గుంపులో పెద్దదానికొక్కదానికే తెలుసు.

భోజనాల దగ్గర అమ్మ పక్కన కోటు మేడమ్ కూర్చుంది. సందు దొరికింది కదా అని పెద్దది చిన్నదాని రెక్క పుచ్చుకుని, చేతులు కడుక్కునే కుళాయిల వెనక్కి లాక్కుపోయింది.

"నువ్విక్కడ చేరడానికి వీల్లేదు."

"అబ్బ, ఎంతసేపటికి అన్నావు!" చిన్నది చెయ్యి విదిలించుకుంది. "పొద్దున్నుంచీ ఈ మాట కోసమే చూస్తున్నా. నాకు తెలుసు. నీకు నేనిక్కడికి రావడం మొదటినుంచీ ఇష్టం లేదు."

"అది కాదే..."

"స్కూల్లో నేను ఎప్పుడూ పెద్దదాని చెల్లెల్నే. నీ పుస్తకాలు, నీ బల్ల, నీ టీచర్లు. 'మీ అక్క ఇలా కాదే' అనని మనిషి లేడు. ఇక్కడైనా నీకంటూ ఓ చోటు ఉందనుకున్నావు, అక్కడికీ ఇది దాపురించిందని ఏడుస్తున్నావు. ఆ తలుపు కావాలనే తోశావు కదూ? అమ్మ భయపడాలని!"

"కావాలని చేసే తెలివే ఉంటే ఎప్పుడో చేసేదాన్ని" అంది పెద్దది. "నోరు మూసుకుని విను. పరీక్షల ముందు ఆ అంతస్తులో నిప్పంటుకుంది. ఎవరో ఇస్త్రీ పెట్టె ఆపకుండా పరుపు మీద వదిలేసి స్నానానికి పోయారు. మంట పెద్దదేం కాదు. పొగ. కళ్ళు తెరవలేనంత పొగ. మెట్ల వైపు గదే అంటుకుంది, అటు పోలేం. అందరం ఈ చివరికి పరిగెత్తాం. నేనూ పిట్టా ముందున్నాం."

"పిట్ట ఎవరు?"

"నా రూమ్మేట్. ఇంతుండేది, అందుకని పిట్ట అనేవాళ్ళం. తలుపుకి ఇదే గొలుసు. అద్దంలోంచి మెట్లు కనిపిస్తున్నాయే! వెనకనుంచి అందరూ తోస్తున్నారు, మేం తలుపుకి అతుక్కుపోయాం. వార్డెన్ తాళంచెవి పట్టుకుని ఆఫీసు భవనంలో మీటింగులో ఉంది. వచ్చేదాకా నేల మీద బోర్లా పడుకుని తడి తువ్వాలు ముక్కుకి అడ్డం పెట్టుకున్నాం. పిట్ట కాసేపు దగ్గింది. తర్వాత దగ్గడం మానేసింది."

చిన్నదాని ముఖంలో రంగు మారింది. "చచ్చిపోయిందా?"

"లేదు. బతికింది. ఇంటికెళ్ళిపోయింది. ఇప్పటికీ తలుపు మూసిన గదిలో పడుకోలేకపోతోందట. ఎవరూ చావలేదు కాబట్టి ఏమీ జరగలేదన్నారు వీళ్ళు. రంగులేశారు. నన్ను కొత్త బ్లాకుకి మార్చారు. ఇంట్లో చెబితే మీవాళ్ళు కంగారుపడి చదువు మాన్పిస్తారు, ఆలోచించుకో అన్నారు. ఆలోచించుకున్నాను."

చిన్నది నమ్మిందనుకుంది పెద్దది. ఏడుస్తుందేమో అనుకునేలోపు అది విరుచుకుపడింది.

"అయితే ఫోన్ చేసినప్పుడల్లా బాగున్నాను, బాగుంది అని ఎందుకు చెప్పావు? ఇందాక మమ్మల్నందర్నీ నవ్వుతూ అక్కడికెలా తీసుకెళ్ళావు? ఆ గళ్ళ చొక్కా ఆయన అంత నమ్మకంగా అడిగితే కుటుంబం అంటావా? నువ్వు చెప్పింది నిజమైతే నీ అంత పాపిష్టిది లేదు. అబద్ధమైతే నీ అంత కుళ్ళుబోతుది లేదు. ఏదనుకోమంటావు?"

ఏ జవాబు చెప్పినా తన మీదికే వస్తుంది.

"ఇక్కడున్నారా అక్కాచెల్లెళ్ళు!" కోటు మేడమ్ గొంతు. ఎంతసేపటినుంచి అక్కడుందో తెలియదు. ఆమె వెనక అమ్మ, ముఖం వెలిగిపోతూ. "మీ అమ్మగారు ఒప్పుకున్నారు. చేరబోయే పిల్లలకి ఒక రాత్రి హాస్టల్లో ఉండి చూసే ఏర్పాటుంది మాకు. ఉండి చూస్తేనే కదా కాలేజీ నచ్చిందో లేదో తెలిసేది. చిన్నమ్మాయికి పాత బ్లాకు పై అంతస్తులో మంచం ఖాళీగా ఉంది."

"వద్దమ్మా!" పెద్దది అరిచినంత పని చేసింది. "దాన్ని తీసుకెళ్ళిపో. ఇంకో రోజు చూద్దాం."

"ఏమైందే నీకు?" అంది అమ్మ. "నాకు దుకాణంలో బోలెడు కుట్లున్నాయి, స్కూళ్ళు తెరిచేస్తున్నారు. నేనెలాగూ ఈ బస్సుకి పోవాలి. అది నీ దగ్గరేగా ఉండేది, అడవిలో వదిలేసి పోతున్నానా?"

"అమ్మా, ఒక్కసారి ఇటు రా. నీతో మాట్లాడాలి."

"ఇక్కడే మాట్లాడు."

కోటు మేడమ్ పెద్దదాని భుజం మీద మెత్తగా చెయ్యి వేసింది. "పరీక్షల తర్వాత కాస్త కంగారు మనిషైపోయిందండీ. పైవాళ్ళు అప్పుడప్పుడూ అడుగుతుంటారు, ఈ అమ్మాయి ఇక్కడ ఇమడగలదా అని. నేనే సర్ది చెబుతుంటాను." అమ్మతో చెబుతున్నట్టే ఉంది. భుజం మీది వేళ్ళు మాత్రం పెద్దదానితో మాట్లాడుతున్నాయి.

ఇమడలేదంటే పంపించేస్తారు. పంపించేస్తే ఈ రెండేళ్ళూ గంగలో పోసినట్టే. మిషను ముందు కూర్చుని కూర్చుని నడుం పడిపోయిన అమ్మ ముఖం కళ్ళెదురుగా ఉంది. పెద్దది నోరు తెరిచింది, మళ్ళీ మూసింది. తన మీద తనకే అసహ్యం వేసింది.

"నువ్వు చెప్పు చిన్నదానా, ఉంటావా?" అంది అమ్మ.

చిన్నది అక్క వైపు చూసింది. చెప్పవేం, ఇప్పుడు అందరి ముందూ చెప్పవేం అన్నట్టు చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత తల తిప్పుకుని, "ఉంటాను" అంది.

అమ్మ బస్సు వెళ్ళిపోయాక పెద్దది చాలాసేపు ఎక్కడా నిలవలేకపోయింది. కొత్త బ్లాకులో తన గదిలో కూర్చుంది, లేచింది, మళ్ళీ కూర్చుంది. కిటికీలోంచి చూస్తే పాత బ్లాకు పై అంతస్తులో లైట్లు వెలుగుతున్నాయి. ఆ దీపాల్లో ఏదో ఒకదాని కింద చిన్నది ఉంది. ఇస్త్రీ పెట్టెలు వాడకూడదని ఇప్పుడు నియమం పెట్టారు. నియమం ఉందని తెలుసు. అయినా ఏ గదిలో ఎవరు ఏం ఆపకుండా వదిలేశారో అని కళ్ళు అక్కడే అతుక్కుపోయాయి.

అటెండెన్స్ బెల్లు కొట్టబోతుండగా పాత బ్లాకు గుమ్మంలోకి వచ్చి పడింది. వార్డెన్ తలుపు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చుంది.

"మా చెల్లెలు పైనుంది మేడమ్. పంపిస్తారా?"

"గెస్టుగా పేరు ఎక్కిపోయింది, ఇంక పొద్దున్నే. కావాలంటే నువ్వెళ్ళి ఉండు. ఇంకాసేపట్లో తాళం వేసేస్తాను, తర్వాత నీకూ పొద్దున్నే."

పెద్దది గుమ్మంలో నిలబడిపోయింది. లోపల మెట్లు. పైన ఆ కారిడార్. వెనక్కి పోదామని కాళ్ళు ఒకటే పోరు పెట్టాయి. ఎవరూ పిలవలేదు, ఎవరూ తోయలేదు. కళ్ళు గట్టిగా మూసుకుని లోపలికి అడుగు పెట్టింది. ఈసారి ముందుకే నడిచింది. వెనకనుంచి తాళం పడ్డ చప్పుడు మెట్ల సగంలో ఉండగా వినిపించింది.

చిన్నది మంచం అంచున కూర్చుని ఉంది. చెప్పులు విప్పలేదు, సంచి ఒళ్ళో పెట్టుకుంది. మిగతా ఇద్దరమ్మాయిలు ఎక్కడికో వెళ్ళినట్టున్నారు. అక్కని చూడగానే లేచి నిలబడింది. అంతవరకూ బింకంగా ఉన్న ముఖం ఒక్కసారిగా చిన్నపిల్ల ముఖమైపోయింది.

"వచ్చావా?" అంది. "రావనుకున్నా."

"ఎలా రాకుండా ఉంటానే?"

"ఆ గొలుసు దగ్గరికి మళ్ళీ వెళ్ళి చూశానక్కా. అద్దం అంచున రంగు కాస్త లేచిపోయింది, గోకితే కింద నల్లగా మసి. గోళ్ళ గీతలు కూడా ఉన్నాయి." చిన్నది అక్క వేళ్ళ వైపు చూసింది. "నీవా?"

"నావో, పిట్టవో. గుర్తులేదు."

చిన్నది అక్కని పట్టుకుని ఏడ్చింది. పెద్దది ఏడవలేదు. దాని తల నిమురుతూ, తలుపు వైపు చూస్తూ ఉండిపోయింది. పొగ వస్తుందేమోనని కాదు. చూడకుండా ఉండలేక.

"పొద్దున్నే అమ్మకి ఫోన్ చేసి చెప్పేస్తాను" అంది చివరికి. "నచ్చలేదని చెప్పు నువ్వు. మీ టీచర్ ఇంకో కాలేజీ పేరు చెప్పిందని ఆమధ్య ఫోన్లో అన్నావే, దానికి వెళ్ళు. బాగుంటుందన్నావుగా."

"నేనిక్కడే చేరతాను."

పెద్దదాని చేతులు ఆగిపోయాయి. "ఇంకా నమ్మలేదా?"

"నమ్మాను కాబట్టే. నిన్నొక్కదాన్నీ వీళ్ళ దగ్గర వదిలి నేనెక్కడికో వెళ్ళి చదువుకుంటే నాకు పాఠం బుర్రకెక్కుతుందా? ఆ కోటావిడ చెయ్యి నీ భుజం మీద పడ్డప్పుడు నువ్వెలా బిగుసుకుపోయావో నేను చూశాను. అందుకే ఉంటానన్నాను. నీ మీద కోపంతో అనుకున్నావా?"

పెద్దదానికి తల తిరిగింది. దీన్ని కాపాడటానికి నిజం చెప్పింది. ఆ నిజమే దీన్ని తెచ్చి ఈ మంచం మీద కూలేసింది. చెప్పకపోయినా చేరేది, చెప్పినా చేరుతానంటోంది. ఇంతకన్నా భయం ఆ పొగలో కూడా వేయలేదు.

"నేను కూడా ఇక్కడ ఉండను" అంది. ఆ మాట తన నోటినుంచే వచ్చిందని నమ్మడానికి ఓ క్షణం పట్టింది. "వింటున్నావా? నేనూ వచ్చేస్తాను. రెండేళ్ళు పోతే పోయాయి. పొద్దున ఇద్దరం కలిసి ఇంటికి పోదాం. అమ్మకి నేనే చెబుతాను, అంతా చెబుతాను."

"నిజంగా?"

"నిజంగా."

తలుపు మీద దబదబా కొట్టారు. ఇద్దరూ ఉలిక్కిపడ్డారు. వార్డెన్ తలుపు తోసి గుమ్మంలో నిలబడింది. మెట్లెక్కి వచ్చిన ఆయాసంతో మాట సరిగా రావడం లేదు. వాళ్ళిద్దరి ముఖాలూ మార్చి మార్చి చూసింది.

"గైడు అమ్మాయివి నువ్వేగా? ఆఫీసుకి రమ్మంటున్నారు. ఇప్పుడే. మేడమ్‌తో పాటు పైవాళ్ళు కూడా ఉన్నారు." ఓ క్షణం ఆగి, "ఒక్కదాన్నే రమ్మన్నారు" అంది.

పెద్దది లేవబోయింది. ఆమె ఇంకా మంచం కోడు పట్టుకుని నిలదొక్కుకుంటుండగానే చిన్నది సంచి భుజానికి తగిలించుకుని, కళ్ళు తుడుచుకుని, వార్డెన్ ఎదురుగా వెళ్ళి నిలబడింది. దాని గొంతు వణుకుతోంది. వణుకుతూనే అంది:

"ఇద్దరం వస్తున్నామని చెప్పండి."